ఎదురుగాలిలో ఒట్టు

మా చిన్నాయన పెద్దకర్మ నాడు, భోజనాలయ్యి చుట్టాల్లో సగం మంది బస్సులకు వెళ్ళిపోయాక, నెల్లూరులో తమ్ముడి ఇంటి హాల్లో ఒక మూల చాప పరుచుకుని నడుం వాల్చాను. తమ్ముడంటే చిన్నాయన కొడుకే. వాడి కొడుకు వినయ్, వినయ్ స్నేహితుడొకడు టీవీ ముందు కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ళున్నారని గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. ఏదో చల్లటి దేశంలో సైకిల్ పందెం. తెర మీద ఇద్దరు మిగతావాళ్ళను చాలా వెనక వదిలేసి పోతున్నారు. ఒకడు ముందు, ఇంకొకడు వాడి వెనక చక్రాన్ని అంటుకున్నట్టు వెనక. ఎంతసేపటికీ వెనకవాడు ముందుకు రావడం లేదు. "అది తెలివిరా. గాలంతా ముందోడు తింటాడు, వీడు ఆఖర్లో దూకుతాడు," అన్నాడు వినయ్. "తెలివి కాదు, దొంగతనం. ఒక్కసారైనా ముందుకొచ్చి లాగాలా వద్దా?" అన్నాడు రెండోవాడు. ఆ మాట చెవిన పడగానే నా అరికాళ్ళు చల్లబడ్డాయి. డెబ్బై దాటినదాన్ని, ఇందులో భయపడాల్సిందేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. భయం వింటేగా. ఎనిమిదేళ్ళప్పుడు నా కడుపులో చేరింది, ఇప్పటిదాకా ఖాళీ చెయ్యలేదు.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద, ఇందుకూరుపేటకు కాస్త ఇవతల. ఇల్లు రోడ్డు వారనే. ఎదురుగా మస్తాన్ భాయి సైకిల్ షాపు. తెల్లారేసరికి మా ఇంట్లోకి ఉడికే వడ్ల వాసన మిల్లు నుంచి, పంచర్లకు పూసే సొల్యూషన్ వాసన షాపు నుంచి, సముద్రం వైపు నుంచి సైకిళ్ళ మీద నెల్లూరు మార్కెట్టుకు పోయే చేపల గంపల వాసనా కలిసి వచ్చేవి. మా జేజికి, అంటే నాయన వాళ్ళమ్మకు, ఈ వాసనలేవీ పడేవి కావు. రెండు వేళ్ళ మధ్య పొడుం పట్టుకుని పీల్చి వాటిని తరిమేసేది గానీ కిటికీ మాత్రం మూసేది కాదు. మూస్తే షాపు అరుగు మీద మగవాళ్ళ మాటలు వినపడవు. ఆడవాళ్ళం అరుగు దగ్గరికి పోకూడదు కనక కిటికీ కింద కూర్చుని జేజి వత్తులు చేసేది, అమ్మ పప్పు ఏరేది, నేను ఏరిన పప్పులో మళ్ళీ రాళ్ళు వెతికేదాన్ని. ముగ్గురి చెవులూ రోడ్డుకు అవతలే ఉండేవి.

అరుగు మీద మాటలు ఎక్కడ మొదలైనా సైకిల్ పందెం దగ్గరే తేలేవి. ఏటా ఆషాఢంలో నెల్లూరు చుట్టుపక్కల షాపుల వాళ్ళంతా కలిసి పందెం పెట్టేవారు. నెల్లూరులో బయలుదేరి, మైపాడు ఒడ్డున ఇసకలో పాతిన జెండా చుట్టూ తిరిగి, మళ్ళీ నెల్లూరుకు రావాలి. షాపుకొక మనిషి. వాళ్ళకు తొక్కడమే కొలువు. షాపు సైకిలిచ్చి, తిండి చూసి, జీతమిచ్చేది. వాళ్ళు ఆ షాపు రంగు బనియన్ వేసుకుని ఇక్కడా, గూడూరులోనూ, కావలిలోనూ ఎక్కడ పందెం జరిగితే అక్కడ తొక్కేవారు. మా చిన్నాయన పెంచలయ్య మస్తాన్ భాయి మనిషి. పచ్చ బనియన్. పోయేటప్పుడు పడమటి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది. ఆషాఢం గాలి సంగతి మావైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పొయ్యి ముందు కూర్చుని ఊదినట్టుంటుంది. అందుకని తిరుగుదారిలో ఒక కట్టుబాటు ఉండేది. మైలురాయికొకరు చొప్పున ముందుండి గాలి కాయాలి. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు జానెడు ఎడంతో నీడ పట్టుకుని రావాలి. రాయి రాగానే ముందువాడు పక్కకు తప్పుకుని తోకకు చేరతాడు. వంతు ఎగ్గొట్టినవాణ్ణి గాలిదొంగ అనేవారు. చిన్నాయన వంతు పూర్తిగా ఎగ్గొట్టేవాడు కాదు గానీ రాయి కనపడీ కనపడక ముందే జారుకునేవాడు. అలా దాచుకున్న బలంతో ఊరి మొగదల వెనక నుంచి ఒక్క దూకు దూకేవాడు. రెండేళ్ళు వరసగా అలాగే గెలిచాడు.

ఆ గెలుపు మీద అరుగు రెండుగా చీలింది. మా బడి అయ్యవారు చిన్నాయన పక్షం. మిల్లులో ఇంజను నడిపే రమణయ్య ఎదుటి పక్షం. ఇంజను మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆయన గుసగుస కూడా మా వంటింటిదాకా వచ్చేది.

"గెలిచినాడు గదా, ఇంకేం కావాల రమణయ్యా నీకు?" అనేవారు అయ్యవారు. "కొంగ ఒంటికాలి మీద ఎంతసేపైనా నిలబడతాది. దాన్ని పిరికిదంటావా?"

"కొంగ పందేనికి రాలేదు గదయ్యవారూ. పోలయ్యను చూడండి. గాలికి రొమ్మిచ్చి తొక్కతాడు. ఆయన వీపు చాటున దాక్కోనొచ్చి ఆఖర్న దూకేది మొగతనమా?"

పోలయ్యంటే మైపాడు పక్క పాళెం మనిషి. రోజూ చేపల గంప కట్టుకుని నెల్లూరు పోయే కాళ్ళు అవి. ఆ కాళ్ళు చూసే టౌనులో ఒక షాపాయన ఎర్ర బనియన్ ఇచ్చి పెట్టుకున్నాడు. వాదం ముదిరితే మస్తాన్ భాయి, "ఇద్దురు చెప్పేదీ రైటే, టీ తాగండి," అనేవాడు. తన షాపు మనిషి గెలుస్తున్నంతకాలం ఆయనకు ఏ వాదమూ బరువు కాదు. చిన్నాయన గొలుసుకు నూనె వేస్తూ అన్నీ వినేవాడు, నవ్వేవాడు. మొగతనం మాట వచ్చినప్పుడు మాత్రం చెవుల తమ్మెలు ఎర్రబడేవి. నేను కిటికీ లోంచి చూసేదాన్ని.

మా ఇంట్లో ఉండేది వాదం కాదు, భయం. నేను నడక నేర్చే రోజుల్లోనే నాయన జ్వరం తగిలి పోయాడు. మిగిలిన మగదిక్కు చిన్నాయన ఒక్కడే. ఆయన సైకిలెక్కి ఏ పందేనికి పోయినా జేజి కొంగు చివర ఒక ముడి వేసుకునేది. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కున్నాకే విప్పేది. ముడి ఉన్నంతసేపూ అన్నం ముట్టదు, మమ్మల్ని గట్టిగా మాట్లాడనివ్వదు, గుమ్మంలో ఎవరైనా తుమ్మితే మంచినీళ్ళు తాగి కూర్చోమంటుంది. అమ్మ ఆ రోజుల్లో పొయ్యి దగ్గరి నుంచి కదిలేది కాదు. నేను జేజి కొంగు ముడిని చూస్తూ కూర్చునేదాన్ని. అది జారిపోతే చిన్నాయన పడిపోతాడని నాకు నమ్మకం.

అలాంటి ఇంటి మీద రమణయ్య మాట ఒకటి పిడుగులా పడింది. చిన్నాయన రెండోసారి గెలిచిన పందెంలోనే వెంకటాచలం కుర్రవాడొకడు పోయాడు. ముందువాడి వెనక చక్రానికి తన ముందు చక్రం తగిలి కల్వర్టు రాయి మీద పడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ సాయంత్రం అరుగు మీద ఎవరూ గెలుపు ఊసెత్తలేదు. "ముందుండేవోడికి ఏం గాదు," అన్నాడు రమణయ్య. "చక్రం తగిలితే పడేది ఎనకోడే. ఎప్పుడైనా పోయేది ఎనకోడే." జేజి చేతిలో వత్తి సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమె ఆ మాటను నోట్లో పెట్టుకుని నములుతూనే ఉంది. వెనకే ఉండి గెలిచే కొడుకు ఆమెకు కొడుకులా కాక కల్వర్టు రాయికి మొక్కుకున్న మేకపోతులా కనపడసాగాడు.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. పందేనికి ముందురోజు పొద్దున చిన్నాయన చద్దన్నంలో నిన్నటి చేపల పులుసు కలుపుకుంటున్నాడు. జేజి ఎదురుగా వచ్చి కూర్చుని, ఆయన కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"ఏందిమా ఇది, ఎంగిలి చెయ్యి," అన్నాడాయన.

"ఎంగిలైతే ఎంగిలి. రేపు ఎవురి చక్రం ఎనకా పోనని చెప్పు."

"నీకు తెలవదు మా. ఆ గాలిలో..."

"నాకేం తెలవాల్సిన పన్లా. నువ్వు గెలవాల్సిన పన్లా. ఓడిపోయినా ఇంటికి రా, చాలు. ఎనక మాత్రం పోబాకు. మీ అన్నను తీసకపోయింది చాల్లేదా? నువ్వు గూడా పోతే ముగ్గురాడోళ్ళం ఏ గాలికి పోవాల్రా?"

పందెమే మానెయ్యమని ఆమె అడగలేదు. మస్తాన్ భాయి పెట్టే అన్నం మేమూ తింటున్నామని ఆమెకు తెలుసు. ఓడిపోయేవాడు ఎవరో ఒకరి వెనకే కదా ఉండేది అన్న సంగతి ఆమెకు తట్టలేదు. అమ్మకూ తట్టలేదు, నాకెలాగూ తట్టదు. చిన్నాయనకు తట్టే ఉంటుంది. ఆయన అన్నంలోకి చూస్తూ, "సరే మా, ఒట్టు," అన్నాడు. జేజి తెల్లవెంట్రుకల్లోంచి పులుసు చుక్కొకటి నుదుటి మీదికి జారింది. ఆమె తుడుచుకోలేదు. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన చెయ్యి వేశారో వాళ్ళ ప్రాణం పోతుందని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే నాకు ఆ పూట ప్రాణం లేచొచ్చింది. చిన్నాయన ఇక పడడు అనుకున్నాను.

పందెం రోజున పోయేటప్పుడు వాళ్ళంతా గుంపుగా, నవ్వుకుంటూ, గాలి తోస్తుంటే మా ఇంటి ముందు నుంచి దూసుకుపోయారు. పచ్చ బనియన్ అందరికంటే ముందుంది. జేజి ముడి పట్టుకుని, "చూసినావా మే, మాట తప్పలా," అంది నాతో. ఎండెక్కింది. తాటాకు పందిళ్ళు చప్పుడు చేసేంత గాలి లేచింది. రోడ్డు మీద దుమ్ము సముద్రం వైపు పరుగెడుతోంది. వీళ్ళు మాత్రం ఆ దుమ్ముకు ఎదురు రావాలి.

నడినెత్తిన పొద్దుండగా అరుగు మీద కేకలు లేచాయి. నేనూ జేజీ గుమ్మంలోకి వచ్చాం. ముందు చిన్నాయన. ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో ఎర్ర బనియన్, పోలయ్య. వాళ్ళ వెనక ఇంకో నలుగురు, చీమల బారులాగా. మా ఇంటికి కాస్త తూర్పున మైలురాయి ఉంది. అక్కడ పోలయ్య పక్కకొచ్చి చెయ్యి ఊపాడు, తప్పుకో, నా వంతు అన్నట్టు. చిన్నాయన తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా తొక్కాడు. అది చూసి రమణయ్య కండువా పైకెగరేశాడు. "ఇదీ మొగోడంటే. ఎవుర్రా గాలిదొంగ అనింది?" అన్నాడు, ఆ మాట అన్నది తనే అని మరిచిపోయి. అయ్యవారు నుదురు కొట్టుకున్నారు. "వీడికి మతిపోయిందా ఏంది?" అన్నారు.

జేజి అవేవీ వినలేదు. ఆమె కొడుకు మొహం చూస్తోంది. ఆయన ఇంటి ముందుకు వచ్చాడు. పెదాలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. కళ్ళు మా వైపు తిరిగాయి గానీ మమ్మల్ని చూడలేదు. వీపున పచ్చ బనియన్ తడి లేకుండా గాలికి తపతపలాడుతోంది. "చెమట లేదే మే," అంది జేజి, చాలా మెల్లగా. జీవితమంతా కోతల్లో ఎండన గడిపిన మనిషి. ఎండలో చెమట ఆగిన కూలీ ఎంతసేపు నిలబడతాడో ఆమె చూసింది. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి ఆయన మమ్మల్ని దాటిపోయాడు. అప్పుడు జేజి, ఎన్నడూ అరుగు మీది మగవాళ్ళ ఎదటికి రాని మనిషి, రోడ్డు నడిమికి పరుగెత్తింది. కొంగు జారిపోయింది. రెండు చేతులూ ఎత్తి అరిచింది.

"ఒరే పెంచలయ్యా, ఒట్టు తీసి గట్టున పెట్టినా. ఎనక్కి రారా. ఒట్టు తీసేసినా నాయనా."

గాలి ఎదురు. ఆయన పడమటికి పోతున్నాడు, గాలి తూర్పుకు వీస్తోంది. ఆమె మాటలు నోట్లోంచి వచ్చినట్టే వెనక్కి తిరిగి, నా మొహాన తగిలి, సముద్రం వైపు పోయాయి. చిన్నాయన తల తిప్పలేదు. బారులో ఆఖరి సైకిలు కూడా దుమ్ములో కలిసిపోయింది. తమ కేకల్లో ఆమె మాటలు వినపడని అరుగు మీద వాళ్ళు, ముసలామె కొడుకు గెలుస్తున్నాడని సంబరంతో అరిచిందనుకున్నారు. రమణయ్య ఆమెకు దణ్ణం కూడా పెట్టాడు.

ఆ తర్వాత పొద్దు కదల్లేదు. జేజి గుమ్మంలో కూలబడింది. ఇంట్లోకి రాలేదు, నీళ్ళు ముట్టలేదు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఎదురుగా అరుగు మీద మాత్రం గెలుపు మాటలు సాగుతున్నాయి. ఎంత దూరంతో గెలిచుంటాడు, పోలయ్య ఏం మొహం పెట్టుకుని ఉంటాడు అని. నాకు వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒక మనిషి చచ్చిపోతుంటే వీళ్ళు వాడి ఎత్తులు లెక్కపెడుతున్నారని అనిపించింది. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందని పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

ఎండ వాలే వేళకు పడమటి నుంచి ఒక సైకిలు వచ్చింది. ఎర్ర బనియన్. పోలయ్య ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుతున్నాడు. రెండో చేత్తో పక్కన ఇంకో సైకిలును నడిపించుకొస్తున్నాడు. దాని మీద ఎవరూ లేరు. అది చిన్నాయన సైకిలు. అంతవరకు నేను చావును చూడలేదు. ఖాళీ సీటుతో ఇంటికి నడిచొచ్చే సైకిలే చావు అనుకున్నాను. కాళ్ళ వెంట వెచ్చగా కారిపోయింది. ఇది ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గు లేదు.

"బతికే ఉండాడమ్మా," అన్నాడు పోలయ్య సైకిలు దిగకముందే. "పెద్దాస్పత్రిలో ఏసినాం. ఐసుగడ్డలు పెడతా ఉండారు. కళ్ళు తెరిచినాడు."

జేజి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పోలయ్య లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "మీరు అరిచింది ఆయనకి ఇనపళ్ళా. నేను గాలి తగలకుండా ఆయన ఎనకే ఉండినా గదా, నా చెవిన పడింది. అప్పుడు తెలిసింది నాకు, మైపాడు నుంచి ఎందుకు వంతు ఇయ్యకుండా తొక్కతా ఉండాడో. పక్కకి పోయి చెప్పినా. పెంచలయ్యా, మీయమ్మ ఒట్టు తీసేసింది, ఎనక్కి రా, నేను లాగతా అని. నమ్మలా. 'నా కాడ ఈ ఎత్తులు ఏయబాకు పోలయ్యా' అన్నాడు. నా బిడ్డల మీద ప్రమాణం చేసినా. నవ్వినాడు. కాలవ కాడికొచ్చేసరికి సైకిలు దానంతటది వంకరపోయింది. నేను పట్టుకున్నా. మిగతా వోళ్ళు పోయినారు."

పందేల్లో ఎదుటివాడి చెవిలో ఏదో ఒకటి ఊది వెనక్కి లాగడం వాళ్ళకు మామూలే. మీ గొలుసు వదులైందనీ, టైరులో గాలి పోతోందనీ చిన్నాయనే ఎంతమందికో చెప్పి ఉంటాడు. ఆ పూట నిజం చెప్పినవాడి మాట ఆయనకు అలాగే వినపడింది.

చిన్నాయన ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన మనిషి పాత మనిషి కాదు. ఎండలో పావుగంట నిలబడితే కళ్ళు తిరిగేవి. మళ్ళీ పందెం సైకిలు ఎక్కలేదు. మస్తాన్ భాయి ఆయన్ను వదిలెయ్యలేదు, నీడపట్టున షాపులో రిపేర్లకు కూర్చోబెట్టాడు. ఎదురుగా అదే అరుగు. అరుగు మీద మళ్ళీ రెండు పక్షాలు, కానీ ఈసారి మనుషులు అటు ఇటయ్యారు. "వంతు ఇయ్యకుండా పోయేది పొగరు గాక ఏందయ్యా?" అనేవారు అయ్యవారు. "పౌరుషం," అనేవాడు రమణయ్య. గెలిచే పందెం వదిలేసి ఓడినవాణ్ణి మోసుకుపోయిన పోలయ్యకు కూడా మంచి మాట దక్కలేదు. బుర్ర లేనోడని ఇద్దరూ కలిసే తేల్చారు.

ఒకరోజు కిటికీ కింద అది వింటున్న జేజి లేచి నిలబడింది. "నేను పోయి చెప్తా. నా కొడుక్కి పొగరు లేదు, నేనే సేసినా అని చెప్తా," అంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చిన్నాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "కూసో మా. పొగరనే అనుకోనీ. నాకేం బొబ్బలెక్కవు," అన్నాడు. "కన్నతల్లే కొడుకుని సంపబోయిందని ఈ ఊళ్ళో ఒక్కడు అన్నా నేను ఇనలేను." జేజి కూర్చుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరి నెత్తినా చెయ్యి వేయలేదు. మా పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, పరీక్షల్లో, ఎంత భయం వేసినా ఒట్టు మాట ఎత్తలేదు.

ఆ మాట బయటికి పొక్కకుండానే అరవై ఏళ్ళు పైనే గడిచాయి. ఈ పెద్దకర్మ పంక్తిలో కూడా మా ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "మీ చిన్నాయన మంచోడే గానమ్మా, ఆ ఒక్క పూట పొగరుకు పోయినాడు," అన్నాడు. నా ఎదుటి ఆకు ముందు కర్ర పక్కన పెట్టుకుని పోలయ్య కూర్చుని ఉన్నాడు. వీపు వంగిపోయింది. నావైపు ఒకసారి చూశాడు. "ఆయనకి గాలంటే లెక్క ఉండేది కాదులే," అని, వడ్డించే పిల్లవాణ్ణి మజ్జిగ అడిగాడు.

ఇప్పుడు చిన్నాయన లేడు, జేజి ఎప్పుడో పోయింది. చెప్పినా తగిలేది ఎవరికీ లేదు కనక రాస్తున్నాను. పెద్దకర్మ నాడు చాప మీద పడుకుని టీవీ చూస్తుంటే అన్నీ వేరుగానే ఉన్నాయి. నెత్తిన గట్టి టోపీలు, సీసాల్లో నీళ్ళు, వెనకే కార్లు, కార్లలో డాక్టర్లు. కానీ ముందు తొక్కేవాడి పెదాలు తెల్లబడ్డాయి. కుర్రవాళ్ళు వాడిది పొగరా, తెలివితక్కువా అని తేల్చుకుంటున్నారు. వాడికి ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏం మాటిచ్చి వచ్చాడో వీళ్ళకేం తెలుసు.

"ఒరే వినయ్, వాణ్ణి వెనక్కి రమ్మని ఎవరూ చెప్పరా?" అన్నాను.

"చెప్తారత్తా. చెవిలో వైరు ఉంటుంది. వెనక కార్లోంచి వాళ్ళవాళ్ళే మాట్లాడుతుంటారు."

"చెప్పేది వాళ్ళవాళ్ళే అని వాడెలా నమ్ముతాడు? ఎదుటివాడి ఎత్తు కావచ్చు కదా?"

వినయ్ నవ్వాడు. "అదేంటత్తా, గొంతు గుర్తుపట్టడా?"

నేను అటు తిరిగి పడుకున్నాను. నడిరోడ్డు మీద చేతులెత్తి నిలబడి అరిచిన ఆ గొంతులో ఒక్క మాట చిన్నాయన చెవిన పడి ఉంటే చాలు, గుర్తుపట్టేవాడు.